ఇంగ్లీషు వాచకంలో పెన్సిలుతో రాసుకున్న తెలుగు అక్షరాలు: చెరిపించాలా, ఉండనివ్వాలా?

ప్రశ్న: సుద్దముక్క (నారాయణపేట జిల్లా)

నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా ఇంగ్లీషు చెబుతున్నాను. 2025-26లో ఎనిమిదో తరగతి నాకు వచ్చింది. హాజరు పట్టీలో 38 మంది ఉన్నారు. జూన్ నెలలో మొదటి పాఠం చదివించినప్పుడు 20 మందికి పైగా తడబాటు లేకుండా చదివితే, ఇంత బాగా చదివే తరగతి దొరికినందుకు లోలోపల సంబరపడ్డాను. ఆ వారంలోనే పరిశీలనకు వచ్చిన అధికారి ఇద్దరు పిల్లల చేత చదివించుకొని, మెచ్చుకొని వెళ్లారు. తరువాత ఒకనాడు అదే పాఠంలోని అయిదు వాక్యాలను, పదాలు మాత్రం అటూ ఇటూ మార్చి, నల్లబల్ల మీద రాసి చదవమన్నాను. అప్పటిదాకా గలగలా చదివిన పిల్లలు మొదటి పదం దగ్గరే ఆగిపోయారు.

పుస్తకాలు తెప్పించుకొని చూస్తే సంగతి తెలిసింది. ప్రతి పంక్తి మీదా పెన్సిలుతో, సన్నగా, ఉచ్చారణ అంతా తెలుగు లిపిలో రాసి ఉంది. ఇన్నాళ్లూ వారు చదివినది ఇంగ్లీషు పంక్తిని కాదు, దాని నెత్తిన కూర్చున్న తెలుగు పంక్తిని.

వీరి చదువు సాగిన తీరు చూస్తే తప్పుపట్టడానికి మనసొప్పదు. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు వీరు రెండో తరగతి ముగింపులో ఉన్నారు. మూడో తరగతి మొత్తం టీవీ పాఠాలతో గడిచిపోయింది. 2021 సెప్టెంబరులో బడులు తెరిచేసరికి నాలుగో తరగతిలో కూర్చున్నారు. అయిదో తరగతికి వచ్చిన 2022-23లో మన తెలంగాణలోని ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. అంటే అక్షరాలు కూడబలుక్కోవలసిన వయసులో బడి లేదు, బడికి వచ్చేసరికి మాధ్యమం మారింది. గణితం, విజ్ఞానశాస్త్రం పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటుంది కనుక అక్కడ ఎలాగో నెట్టుకొస్తున్నారు. ఇంగ్లీషు వాచకానికి ఎదుటి పేజీ లేదు. లేని ఆ పేజీని, అర్థం సంగతి పక్కన పెట్టి కేవలం చప్పుడు కోసం, పిల్లలు పెన్సిలుతో తామే తయారు చేసుకున్నారని నాకు అనిపిస్తుంది.

మా సహోపాధ్యాయుల్లో ఒకరు రబ్బరు ఇచ్చి అంతా చెరిపించమంటున్నారు. మరొకరు, చెరిపిస్తే చదివే ఆ కాస్తమంది కూడా మూగబోతారని హెచ్చరిస్తున్నారు. ఇక తెలుగు అక్షరాలు రాసుకొని కూడా చదవలేని పిల్లలు 11 మంది ఉన్నారు. శిక్షణ తరగతుల్లో మాకు చెప్పినదేమో, ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు మాటే వినిపించకూడదని. ఉన్నది 45 నిమిషాల పీరియడ్, ముందు ఫార్మేటివ్ పరీక్షలు (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), పూర్తి చేయవలసిన పాఠాలు. ఈ పెన్సిలు రాతలను ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: పాతపంతులు (తెనాలి)

అమ్మా, మీ ప్రశ్న చదివి నాకు నా ఆరో తరగతి వాచకం గుర్తుకొచ్చింది. మేం చదువుకున్న రోజుల్లో ఏబీసీడీలు మొదలయ్యేదే ఆరో తరగతిలో. నేనూ పంక్తుల మీద తెలుగు రాసుకున్నవాడినే. తరువాత 33 ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. కాబట్టి మొదటి మాటగా చెప్పదలచినది, రబ్బరు తీయవద్దని. ఆ రాతలు ఉన్నాయంటే పిల్లవాడికి చెవి ఉంది, విన్న చప్పుడును తెలుగు లిపిలో పట్టుకునే నేర్పు ఉంది. లేనిదల్లా ఇంగ్లీషు అక్షరాన్ని చూసి చప్పుడును తనంతట తాను రాబట్టుకునే దారి. ఆ దారి చూపకుండా చెరిపిస్తే, కుంటివాడి చేతికర్ర లాక్కున్నట్టవుతుంది.

లోపం ఎక్కడుందో మన తెలుగు చదువుతో పోల్చి చూస్తే తెలుస్తుంది. మనకు అక్షరం పేరూ దాని చప్పుడూ ఒకటే. 'క' అని పిలిచే అక్షరం ఎక్కడ కనిపించినా 'క' అనే పలుకుతుంది. గుణింతం ఒకసారి వచ్చిందంటే, అర్థం తెలియని మాటనైనా పిల్లవాడు చదివేస్తాడు. ఇంగ్లీషులో 26 అక్షరాల చేత దాదాపు 44 ధ్వనులు పలికించాలి. పైగా మనం నేర్పేది అక్షరాల పేర్లు. 'సీ, ఏ, టీ' అని పేర్లు వల్లించిన పిల్లవాడు వాటిని కలిపితే 'సీయేటీ' కావాలి గాని 'క్యాట్' ఎందుకవుతుందో అతడికి ఎవరూ చెప్పలేదు. గుణింతం మీద నమ్మకంతో పెరిగిన బుర్ర అక్కడే చెయ్యెత్తేస్తుంది, పెన్సిలు అందుకుంటుంది.

అందుచేత రోజూ పీరియడ్ మొదట్లో పది నిమిషాలు, పేర్లు కాదు, ధ్వనులు నేర్పండి. ఏబీసీడీల వరుసలో వద్దు. ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్ అనే ఆరు అక్షరాల ధ్వనులతో మొదలుపెడితే రెండు మూడు రోజుల్లోనే సిట్, పిన్, ట్యాప్, న్యాప్, టిన్, ప్యాంట్ వంటి మాటలు పిల్లలు తామే కూర్చుకోగలరు. ఆ తరువాత చివర 'ఈ' చేరితే లోపలి అచ్చు మారే జంటలు చూపించండి: హ్యాట్ పక్కన హేట్, క్యాప్ పక్కన కేప్, పిన్ పక్కన పైన్. దీన్ని నేను 'ఇంగ్లీషు దీర్ఘం' అని పిలిచేవాడిని. ఇది వ్యాకరణం ఒప్పుకునే పేరు కాదు, కాని తెలుగు పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. ఆపైన ఐ, జీ, హెచ్, టీ కలిసి వచ్చే లైట్, నైట్, రైట్, ఫైట్ వంటి కుటుంబాలు. ఒక్క కుటుంబం పట్టుబడిందంటే పది పదాల మీద పెన్సిలు అవసరం తీరిపోతుంది.

పెన్సిలు విషయంలో నేను పాటించిన కట్టుబాటు ఒకటే. నేర్పిన సూత్రానికి లొంగే పదం మీద తెలుగు రాయకూడదు. లొంగని పదం మీద రాసుకోవచ్చు. ఏ పదం లొంగుతుందో తేల్చుకోవడం కోసం పిల్లవాడు ఆ పదాన్ని తేరిపార చూడవలసి వస్తుంది. మనకు కావలసిందీ ఆ చూపే కదా. ఇక తెలుగు మాట్లాడకూడదన్న నియమం గురించి నేను ఎక్కువ చెప్పను. నా తరగతిలో ఆ నియమాన్ని అధికారులు కూర్చున్నంతసేపు పాటించాను.

జవాబు 2: ఒక తండ్రి

మాస్టారితో వాదించే చదువు నాకు లేదు గాని, ఒక్క మాట చెప్పాలి. మా అమ్మాయి మొదటినుంచీ ప్రైవేటు బడిలో చదువుతూ ఇప్పుడు ఏడో తరగతికి వచ్చింది. పుస్తకంలో పెన్సిలు గీత ఉండదు, ఏ పేజీ ఇచ్చినా అక్షరం పొల్లుపోకుండా చదువుతుంది. చదివినదానిలో ఏముందని అడిగితే మాత్రం నా ముఖం చూస్తుంది. నెల నెలా ఫీజు కడుతున్నాను కనుక చదవడం వచ్చిందనే అనుకున్నాను. టీచరుగారి పిల్లలకు తెలుగు అక్షరాల చప్పుడు వస్తే, మా అమ్మాయికి ఇంగ్లీషు అక్షరాల చప్పుడు వచ్చింది. రెండింటిలోనూ అర్థం ఎక్కడా కనబడలేదు.

జవాబు 3: ధ్వని (హైదరాబాదు)

నేను భాషాబోధన మీద పరిశోధన చేస్తున్నాను. అంతకుముందు ఆరేళ్లు ఉన్నత పాఠశాలలో పాఠం చెప్పాను. పాతపంతులు గారు చెప్పిన పది నిమిషాల ధ్వనుల అభ్యాసంతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే ధ్వనులన్నీ పట్టుబడిన తరువాతే అర్థం సంగతి చూద్దామనుకుంటే, పై తండ్రిగారు చెప్పిన చోటుకే చేరతాం. ఎనిమిదో తరగతి పిల్లలకు 'క్యాట్, మ్యాట్' చదివిస్తూ కూర్చుంటే వారికి చిన్నతనంగా ఉంటుందన్నది మరొక చిక్కు. పదమూడేళ్ల వయసులో ఆ చిన్నతనం చిన్న విషయం కాదు.

ముందుగా, ఆ పెన్సిలు రాతలను మీరు ఒక పరీక్షాఫలితంగా చదవాలని కోరుతున్నాను. 'నడిచాడు' అనే అర్థమిచ్చే పదం మీద పిల్లవాడు 'వాక్డ్' అని రాశాడా, 'వాక్ట్' అని రాశాడా చూడండి. 'వాక్ట్' అని ఉంటే ఎవరో సరిగా పలకగా విని రాసుకున్నాడు. 'వాక్డ్' అని ఉంటే అక్షరాలను చూసి తానే ఊహించాడు, అంటే ఇంగ్లీషు లిపిని చదివే ప్రయత్నం అతడిలో అప్పటికే మొదలైంది. 'వినడం' అనే పదం మీద 'లిసన్' అని ఉంటే చెవి, 'లిస్టెన్' అని ఉంటే కన్ను. పుస్తకమంతా ఒకే చేతిరాత, ఒక్క కొట్టివేతా లేకుండా ఉంటే, అది పై తరగతి వారి పుస్తకం నుంచో ట్యూషన్ నుంచో దించుకున్నదై ఉంటుంది. ఈ మూడు రకాల పిల్లలకూ ఒకే మందు పనిచేయదు. విచిత్రంగా కనిపించవచ్చు గాని, తప్పుగా రాసుకున్నవాడే మీకు అందరికన్నా ముందు చదవడం నేర్చుకుంటాడు.

రాసుకోనివ్వాలన్నా దానికి ఒక హద్దు ఉందని పిల్లలకే చూపించవచ్చు. పడమర దిక్కును చెప్పే పదానికీ, చొక్కా లోపల తొడుక్కునే బనియనును చెప్పే పదానికీ తెలుగులో 'వెస్ట్' అనే ఒకే రాత వస్తుంది. ఇంగ్లీషులో మొదటి దానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, రెండో దానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి. 'రికార్డ్' అన్న మాట నామవాచకమైతే మొదటి భాగం మీద, క్రియ అయితే రెండో భాగం మీద ఊనిక, అంటే ఒత్తి పలకడం, పడుతుంది. మన లిపిలో ఆ ఊనికను చూపే గుర్తు లేదు, ఎందుకంటే మన మాటలకు దాని అవసరం లేదు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక బస్ 'బస్సు' అవుతుంది, బుక్ 'బుక్కు' అవుతుంది, అలా రాసుకున్నవాడు అలాగే పలుకుతాడు. ఇంగ్లీషులో ఉండి తెలుగులో లేవని మనం అనుకునే కొన్ని ధ్వనులు మాత్రం నిజానికి మన నోట ఉన్నాయి. 'మేక' అనేటప్పుడు చాలామంది పలికే మొదటి అచ్చు 'క్యాట్'లోని అచ్చుకు దగ్గరి చుట్టం. దానికి మన వర్ణమాలలో అక్షరం లేదు, అంతే. మేకను పలికించి, ఆ నోటితోనే క్యాట్ పలికించి చూడండి.

ఇక అర్థం గురించి. ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలోని కొన్ని మామూలు బడుల్లో నడిపిన, బెంగళూరు ప్రాజెక్టుగా పేరుపడిన ప్రయోగం నుంచి మీరు ఒక పద్ధతి తీసుకోవచ్చు. వ్యాకరణ సూత్రాన్ని ముందు చెప్పి అభ్యాసం చేయించడం కాకుండా, పిల్లలు బుర్ర పెట్టి తేల్చవలసిన ఒక పని ఇచ్చి, ఆ పని తేలడానికి ఇంగ్లీషు చదవక తప్పని పరిస్థితి కల్పించడం దాని సారం. పటాలు, కాలపట్టికలు వంటివి అందులో వాడారు. మీ ఊరి నుంచి మహబూబ్‌నగర్ మీదుగా హైదరాబాదు వెళ్లే నాలుగు బస్సుల వేళలను, ఆగే చోట్లను ఇంగ్లీషులో బల్ల మీద రాయండి. 'మధ్యాహ్నం 2 గంటలకు ఆసుపత్రిలో ఉండాలి, దారిలో మహబూబ్‌నగర్‌లో ఒక గంట పని ఉంది, ఏ బస్సు ఎక్కాలి?' అని అడగండి. మొదట ఇలాంటిదే ఒక ప్రశ్నను తరగతి మొత్తంతో కలిసి నోటితో తేల్చి, తరువాత కాస్త మార్చిన మరో ప్రశ్నను ఎవరికి వారే చేసుకునేలా ఇవ్వడం ఆ ప్రయోగంలో పాటించిన క్రమం. పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమనడాన్ని ప్రభు పెద్దగా ఇష్టపడలేదన్నది, 38 మంది ఉన్న గదిలో మీకు ఊరటనిచ్చే విషయం.

ఇక్కడ తెలుగు ఎంతవరకు అన్నదానికి నా జవాబు ఇది: ప్రశ్న తెలుగులో చెప్పవచ్చు, జవాబుకు కావలసిన సమాచారం మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి. తలకిందులుగా చేస్తే, అంటే ప్రశ్న ఇంగ్లీషులో అడిగి సమాచారమంతా తెలుగులో వివరించేస్తే, చదవవలసిన అవసరమే తీరిపోతుంది. చాలా తరగతుల్లో జరుగుతున్నది అదే. తెలుగు వినిపించకూడదన్న నియమానికి పెద్ద ఆధారమూ లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం ఆర్. అమృతవల్లి అధ్యక్షతన రూపొందిన ఇంగ్లీషు బోధన పత్రం కోరినది, పిల్లలకు అర్థమయ్యే భాష వారి చుట్టూ సమృద్ధిగా ఉండాలని. అర్థం కాని ఇంగ్లీషు ఎంత కురిసినా అది ఆ లెక్కలోకి రాదు.

జవాబు 4: కొండగాలి (పాడేరు)

నేను ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, ఎస్జీటీని (ప్రాథమిక తరగతుల టీచరును). పై జవాబులన్నీ పిల్లల ఇంటి భాష తెలుగేనన్న ఊహ మీద నడుస్తున్నాయి. సుద్దముక్క గారూ, తెలుగు అక్షరాలు రాసుకొని కూడా చదవలేని ఆ 11 మంది ఎవరు? వారు ఇంట్లో ఏం మాట్లాడతారు? మీది కర్ణాటక సరిహద్దు జిల్లా, తండాలు ఉన్న ప్రాంతం కనుక అడుగుతున్నాను. మా బడిలో కువి మాట్లాడే పిల్లలు, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు ఉన్నారు. వారికి తెలుగు లిపి ఆసరా కాదు, అది మరొక మెట్టు. 'క్యాట్' అని పైన రాసుకోవాలంటే ముందు 'క'కు యవత్తు ఎలా ఇవ్వాలో రావాలి. ఒక పరాయి లిపిని చదవడానికి ఇంకొక పరాయి లిపిని వాడమంటున్నామన్న మాట.

పదో తరగతి పట్టికలో తెలుగు ప్రథమ భాష, హిందీ ద్వితీయ భాష, ఇంగ్లీషు తృతీయ భాష అని రాస్తాం. రెండో భాష అన్నట్టుగా మనం చర్చించుకుంటున్న ఇంగ్లీషు, బడి లెక్కలో మూడోది, తండా పిల్లవాడి లెక్కలో నాలుగోది. ఉమ్మడి రాష్ట్రంలో 2004-05 ప్రాంతంలో 8 గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తయారు చేసే పని మొదలైంది. వాటిలో లంబాడీ కూడా ఉంది. ఆ పుస్తకాలు చదివిన పిల్లలు తెలుగు లిపిలోకి త్వరగా రావడం నేను చూశాను. కారణం మామూలే, తెలిసిన మాట కనుక లిపి ఒక్కటే కొత్త.

నేను చేసే పని ఒకటి చెబుతాను. పిల్లవాడు తన భాషలో ఒక చిన్న సంగతి చెబుతాడు. తెలుగు వచ్చిన తోటి పిల్లవాడు దాన్ని తెలుగులో చెబుతాడు. నేను మూడు పొట్టి ఇంగ్లీషు వాక్యాలుగా బల్ల మీద రాస్తాను. చెప్పినవాడికి ఆ వాక్యాల అర్థం ముందే తెలుసు కనుక చదవడానికి జంకడు. ఆ వాక్యాలే మరుసటి రోజు అందరికీ వాచకం. మా బడిలో మేక పారిపోయిన కథ ఒకటి రెండు వారాలు నడిచింది, ఎందుకంటే మేక ఇంకా దొరకలేదు.

సుద్దముక్క:

అందరికీ కృతజ్ఞతలు. అయిదు వారాలు ఆగి రాస్తున్నాను, చేసి చూసిన తరువాత రాయడం మర్యాద కనుక.

కొండగాలి గారూ, మీ ప్రశ్న చదివిన రోజున హాజరు పట్టీ ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఆ 11 మందిలో ఏడుగురు రెండు తండాల నుంచి వచ్చే పిల్లలు, ఇద్దరి ఇంట్లో కన్నడం. ఇద్దరు మాత్రమే తెలుగు ఇళ్ల నుంచి వస్తున్నారు, వారిలో ఒకరికి కళ్లద్దాలు కావాలని తేలింది. పట్టీలో ఊరి పేరు ఎదురుగా ఉన్నా మూడు నెలలు నేను దాన్ని చదవలేదు.

ధ్వని గారూ, మిగతా 27 మంది పుస్తకాలు తిరగేస్తే 14 మందివి దించుకున్న రాతలే. అన్నింటికీ మూలం ఒకే పాత పుస్తకం, అందులోని తప్పులతో సహా. సొంతంగా రాసుకున్నవారు 13 మంది. మీరన్న 'వాక్డ్' వారిలో నలుగురు ఉన్నారు. వారిని ముందు వరుసలోకి తెచ్చి, మిగతావారికి ధ్వనులు అందించే పని అప్పగించాను. బస్సుల లెక్క మాత్రం మొదటి రోజు పూర్తిగా తప్పింది. పిల్లలు బల్ల మీది అంకెలు మాత్రమే చూసి, ఒక్క ఇంగ్లీషు మాటా చదవకుండా సరైన బస్సు చెప్పేశారు. రెండోసారి, ఏ బస్సు ఆదివారం నడవదో, ఏది మహబూబ్‌నగర్ ఊరిలోకి వెళ్లకుండా బయటి దారిన పోతుందో వాక్యాల్లో రాశాను. అప్పుడు చదవక తప్పలేదు. పాఠాల్లో రెండు వెనకబడ్డాను, ప్రధానోపాధ్యాయుల ప్రశ్నకు జవాబు ఇంకా తయారు చేసుకోలేదు.

మాస్టారూ, మీ కట్టుబాటు అమలులో ఉంది. కొత్త పాఠంలో ఒక అమ్మాయి పేజీ మొత్తం మీద మూడు పదాల నెత్తిన మాత్రమే తెలుగు రాసుకుంది. వాటిలో ఒకటి 'నైఫ్'. మొదట్లో ఉన్న 'కే' ఎందుకు పలకదని అడిగితే, ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లే దాన్ని పలికేవారని, పలకడం మానేశాక కూడా రాయడం మానలేదని చెప్పాను. మన 'ఌ' లాగా అన్నమాట అని ఆ అమ్మాయే అంది.

తండా పిల్లల గురించి ఒక సంగతి. ధ్వనుల అభ్యాసంలో నేను 'బుక్కు' అని పలికితే, ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి 'బుక్' అని చివర తెగ్గొట్టి పలికాడు. మళ్లీ చెప్పమన్నాను, మళ్లీ అలాగే అన్నాడు. ఇంటిని మీ భాషలో ఏమంటారని అడిగాను. 'ఘర్' అన్నాడు. హల్లుతో ముగిసే మాట వాడికి పుట్టుకతోనే వచ్చు, 'కు' తగిలించేది నేను. మరుసటి రోజు నుంచి పదాంతాలు పలికించే పని వాడిది. నిన్న నన్ను రెండుసార్లు సరిదిద్దాడు.